పడావు భూముల్లో ఇంధన పంటలు: సంతకానికి ముందు వేయాల్సిన లెక్క



వరి కోతల కాలంలో మిర్యాలగూడ వెళ్లినవారికి ఆ వాసన తెలుసు. రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోపల ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడుకుతుంటాయి. ఆ వడ్లను ఉడికించే బాయిలర్‌లో మండేది బొగ్గు కాదు, ఆ వడ్ల మీది ఊకే. అక్కడి నుండి కృష్ణా నది వైపు దామరచర్ల దారి పడితే వీర్లపాలెం దగ్గర మరో పెద్ద పొయ్యి కనిపిస్తుంది. అది యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున 5 యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది, 2024 డిసెంబర్‌లో మొదటగా ఒక యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. అక్కడ మండేది బొగ్గు. హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయిని కాల్చే సిమెంట్ బట్టీలకు కూడా ప్రధాన ఇంధనం బొగ్గే.

ఊక పొయ్యి, బొగ్గు పొయ్యి పక్కపక్కనే ఉన్న ప్రాంతం మనది. అందుకే ఈ ప్రశ్న మన దగ్గర సహజంగానే పుడుతుంది. పంట పండని పడావు భూముల్లో చెట్లో గడ్డో పెంచి, బొగ్గు బదులు దాన్ని మండించలేమా? బొగ్గు తగ్గుతుంది, బీడు పచ్చబడుతుంది, పేద రైతుకు నాలుగు డబ్బులు వస్తాయి. వినడానికి చాలా బాగుంది. ఇందులో నిజం కూడా ఉంది. కానీ ఆ నిజం ఎంతవరకో తెలుసుకోకుండా మన సంఘాల్లోని కుటుంబాలు ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

మొక్క మండితే మేలేమిటి?

బొగ్గు కోట్ల ఏళ్ల కిందట భూమిలో కలిసిపోయిన అడవి. దాన్ని తవ్వి మండిస్తే అప్పటి నుండి భూమిలో దాగి ఉన్న కర్బనం ఒక్కసారిగా గాలిలో కలుస్తుంది. మొక్క సంగతి వేరు. అది పెరిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువునే తీసుకొని ఒళ్లు పెంచుకుంటుంది. కాల్చినప్పుడు అదే వాయువు తిరిగి గాలిలోకి పోతుంది. మళ్లీ మొక్క నాటితే మళ్లీ పీల్చుకుంటుంది. తీసుకున్నదే తిరిగి ఇస్తుంది కాబట్టి గాలిలో కొత్తగా చేరేది తక్కువ. వేళ్లు, రాలిన ఆకులు నేలలోనే ఉండిపోయి మట్టికి సారమిస్తాయి కూడా.

అయితే దీనికి మూడు షరతులు ఉన్నాయి. నరికినచోట మళ్లీ పెరగాలి. అప్పటికే ఉన్న చెట్లను కొట్టి ఆ స్థలంలో ఇంధన పంట వేయకూడదు, అలా చేస్తే మొదటి రోజే నష్టం. ఎరువులకు, నీటికి, రవాణాకు ఖర్చయ్యే డీజిల్, కరెంటు మనం ఆదా చేసిన బొగ్గును మింగేయకూడదు. కట్టెలు, గడ్డి తేలికగా ఉండి ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. వాటిని లారీల్లో చాలా దూరం మోస్తే గిట్టదు. అందుకే వాటిని పొడి చేసి, గట్టిగా అదిమి, వేలెడు ముక్కలుగా చేస్తారు. వాటినే పెల్లెట్లు అంటారు. బొగ్గుతో కలిపి బాయిలర్లలో మండించేది వీటినే.

మొత్తం బొగ్గు తీసేసి పెల్లెట్లు వేయలేరా అని కొందరు అడుగుతారు. గడ్డిలో, పంట వ్యర్థాల్లో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. అవి బాయిలర్ గొట్టాల మీద కరిగి అట్టలా పేరుకుంటాయి, లోహాన్ని తింటాయి. బొగ్గు కోసం కట్టిన బాయిలర్‌లో అందుకే కొద్ది శాతమే కలుపుతారు. కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబర్‌లో తెచ్చిన విధానం, బొగ్గు కేంద్రాలు 5 శాతం పెల్లెట్లు కలపాలని చెప్పింది. తర్వాత దాన్ని సవరించి 2024-25 నుండి 5 శాతం, 2025-26 నుండి 7 శాతం అని నిర్ణయించింది. ఆ పెల్లెట్లు ప్రధానంగా పంట వ్యర్థాలతో చేసినవై ఉండాలన్నది అందులోని మాట. దీన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఏ భూమి నిజంగా చెడిపోయింది?

మన మూడు పట్టణాల చుట్టూ చెడిన నేలలు ఒకే రకంగా లేవు. సూర్యాపేటకు ఉత్తరాన తుంగతుర్తి, నూతనకల్, ఆత్మకూరు వైపు ఎర్ర చెలకలు ఉన్నాయి. వాన పడినప్పుడల్లా పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలిన గుట్టవాలు భూములు అక్కడ కనిపిస్తాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 750 మిల్లీమీటర్లు. అదీ కొన్ని నెలల్లోనే పడిపోతుంది.

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు కథ వేరు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మెట్ట భూములు మాగాణులయ్యాయి. కానీ కాలువ ఊటతో నీళ్లు నిలిచి, మురుగు పోయే దారి లేని పల్లపు పొలాల్లో ఉప్పు పైకి తేలి చౌడుబారింది. అంటే ఒకచోట నీళ్లు లేక నేల చెడితే, ఇంకోచోట నీళ్లు ఎక్కువై చెడింది. వీటికి తోడు సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతులు కూడా ఉన్నాయి.

ఒక్కో నేలకు ఒక్కో మందు. చౌడు నేలలో కానుగ, నల్ల తుమ్మ, సరుగుడు వంటివి కొంతవరకు తట్టుకుంటాయి. గట్టి పొర దాటేలా లోతుగా గుంత తీసి, జిప్సం, పశువుల ఎరువు వేసి నాటితే బతికే అవకాశం పెరుగుతుంది. రాతి చెలకల్లో ముందు కందకాలు తవ్వి వాన నీటిని ఆపాలి. ఆ తర్వాతే సుబాబుల్, కానుగ, వెదురు లాంటివి నాటాలి. కానుగ, సుబాబుల్, తుమ్మ పప్పుజాతి చెట్లు, గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. మరి ఎవరూ నాటకుండానే చెరువు శిఖాల్లో, వాగు గట్ల మీద అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఉండనే ఉంది. దాన్ని కొట్టి వాడితే ఇంధనమూ దొరుకుతుంది, చెరువూ బాగుపడుతుంది.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు నేపియర్ గడ్డి. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో రిలయన్స్ సంస్థ 65 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో 500 బయోగ్యాస్ ప్లాంట్లు కడతామని 2024 నవంబర్‌లో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో మొదటి ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, పులియబెట్టి గ్యాస్ తీయడం అక్కడి ఆలోచన. పచ్చిగడ్డికి ఆ దారే సరైనది. ఎందుకంటే అందులో ముప్పాతిక వంతుకు మించి నీరే. దాన్ని ఎండబెట్టి బొగ్గులా మండించాలంటే చాలా శ్రమ, ఖర్చు.

ఇక్కడే రైతు జాగ్రత్తపడాలి. ఎకరానికి 80 టన్నులు, 100 టన్నులు అని ఎవరైనా చెబితే రెండు ప్రశ్నలు అడగండి. అది పచ్చి బరువా, ఎండు బరువా? 100 టన్నుల పచ్చిగడ్డి ఎండితే మిగిలేది సుమారు 20 టన్నులే. ఆ దిగుబడి బోరు కిందనా, వానకేనా? ఆ పెద్ద అంకెలు నీళ్లు కట్టి, ఎరువు వేసిన మంచి నేలల్లోవి. అంత నీరు ఉంటే ఆ భూమి పడావు ఎందుకు పడుతుంది?

ఎకరాల లెక్క

ఇప్పుడు ఒక మోటు లెక్క వేద్దాం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.6 కిలోల బొగ్గు కావాలి. 800 మెగావాట్ల యంత్రం పూర్తి సామర్థ్యంతో గంట నడిస్తే 8 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే గంటకు దాదాపు 480 టన్నుల బొగ్గు. ఐదు యంత్రాలూ రోజంతా నడిస్తే 57 వేల టన్నులు దాటుతుంది. అన్ని వేళలా పూర్తిగా నడవవు కాబట్టి రోజుకు 50 వేల టన్నులు అనుకుందాం.

అందులో 5 శాతం అంటే రోజుకు 2,500 టన్నుల పెల్లెట్లు, ఏడాదికి సుమారు 9 లక్షల టన్నులు. వానాధారపు చెడిన నేలలో చెట్లు పెంచితే ఎకరానికి ఏడాదికి 2 నుండి 4 టన్నుల ఎండు కట్టె రావచ్చు. 3 టన్నులు అనుకున్నా 3 లక్షల ఎకరాలు కావాలి. సూర్యాపేట జిల్లా మొత్తం విస్తీర్ణం సుమారు 3,600 చదరపు కిలోమీటర్లు, అంటే 9 లక్షల ఎకరాల లోపే. ఊళ్లు, చెరువులు, పొలాలు, రోడ్లు అన్నీ కలిపిన జిల్లాలో మూడో వంతు భూమి ఒక్క విద్యుత్ కేంద్రంలో 5 శాతం బొగ్గును తగ్గించడానికే పోతుంది.

ఈ అంకె నిరుత్సాహపరచడానికి చెప్పింది కాదు. పడావు భూముల పంట బొగ్గుకు పూర్తి ప్రత్యామ్నాయం అని ఎవరైనా చెబితే నమ్మవద్దని చెప్పడానికే. అది ఒక చేయూత మాత్రమే.

ఇదే లెక్క వరి పొలంలో వేయండి. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే ఐదో వంతు ఊక, అంటే 5 క్వింటాళ్లు. గడ్డి సుమారు 2 టన్నులు. హార్వెస్టర్‌తో కోసిన తర్వాత ఆ గడ్డిని చాలా చోట్ల పొలంలోనే తగలబెడుతున్నాం. యాసంగి కోతల తర్వాత సాయంత్రాలు కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మీద ఆ పొగ మనకు కొత్త కాదు. దానికితోడు పత్తి కట్టె, కంది కట్టె, మిర్చి కట్టె ఉన్నాయి. ఎడమ కాలువ కింద ఉమ్మడి నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల్లో కలిపి సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. పశువులకు, నేలకు కావలసినంత వదిలిపెట్టి మిగిలింది పోగుచేసినా కొత్తగా ఒక్క ఎకరం అడగకుండా ఎంతో ఇంధనం దొరుకుతుంది. కేంద్ర విధానం పంట వ్యర్థాలకు ముందు చోటు ఇవ్వడంలోని వివేకం ఇదే. కాబట్టి వరుస ఇలా ఉండాలి: మొదట తగలబెడుతున్న గడ్డి, కట్టె. తర్వాత సర్కారు తుమ్మ. ఆ తర్వాతే నిజంగా చెడిన నేలల్లో కొత్త పంట.

ఇంతకుముందు ఏం జరిగింది?

ఈ ఆశ మనకు మొదటిసారి కాదు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి దేశంలో 1 కోటి 34 లక్షల హెక్టార్లలో జట్రోఫా, అంటే అడవి ఆముదం, వేయవచ్చని నివేదిక ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూడా మెట్ట జిల్లాల్లో ఆ మొక్కలను ప్రోత్సహించారు. బీడులో నీళ్లు లేకుండా పండుతుందన్నారు. మొక్క బతికింది నిజమే, కానీ కాయ సరిగా కాయలేదు. నీళ్లు, ఎరువు పెడితే కాసేది, అప్పుడు ఆ ఖర్చు గిట్టలేదు. 2009 నాటి జాతీయ విధానం 2017 కల్లా 20 శాతం కలపాలని పెట్టుకున్న లక్ష్యం డీజిల్ విషయంలో దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఏళ్లు ఎదురుచూసి మొక్కలు పీకేసిన రైతులకు ఆ కాలం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఊక విషయంలోనూ ఒక పాఠం ఉంది. 2000 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఊక, కట్టెలతో నడిచే చిన్న విద్యుత్ ప్లాంట్లు చాలా వచ్చాయి. అప్పటివరకు పారేసే ఊకకు ధర పలికింది. ప్లాంట్లు పెరిగేకొద్దీ ఊక ధర పెరిగింది. మరోవైపు 2004లో విద్యుత్ నియంత్రణ మండలి వాటి కరెంటు కొనుగోలు ధరను మార్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇంధనం ధరకూ కరెంటు ధరకూ మధ్య నలిగి ఎన్నో ప్లాంట్లు ఆగిపోయాయి. ప్లాంటు ఆగిన రోజున కట్టె అమ్మే రైతు గతి ఏమిటన్నది ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. సుబాబుల్ రైతులకూ ఇది తెలిసిన బాధే. మూడు నాలుగేళ్లు పెంచాక కొనేవారు ఒకరిద్దరే అయితే ధర వారి చేతిలోనే ఉంటుంది.

మంచి అనుభవం కూడా ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే చిన్న గిరిజన గ్రామంలో మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి నూనె తీశాయి, కానుగ మొక్కలు నాటాయి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తల తోడ్పాటుతో 2003లో ఆ గ్రామం 147 టన్నుల కర్బన ఉద్గారాల తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మింది. మొత్తం చిన్నదే. కానీ అక్కడ గింజ, గానుగ, లెక్క అన్నీ ఊరివాళ్ల చేతిలోనే ఉన్నాయి. వేల ఎకరాల జట్రోఫాకూ ఈ చిన్న ఊరికీ ఉన్న తేడా అదే.

ఆ భూమి ఎవరిది?

మన సంఘాలకు అన్నిటికంటే దగ్గరి విషయం ఇది. బంజరు భూముల లెక్కలు ఉపగ్రహ చిత్రాల నుండి తీస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2000 సంవత్సరం నుండి దేశ బంజరు భూముల పటాలు తయారు చేస్తోంది. అవి పనికొచ్చే పటాలే. కానీ పైనుండి చూసే కంటికి పొదలు కనిపిస్తాయి, ఆ పొదల మధ్య మేకలు కాసే మనిషి ఎంతకాలంగా అక్కడ తిరుగుతున్నాడో కనిపించదు. పొయ్యి కట్టె ఏరుకొనే విధవరాలు, చీపురు పుల్లలు కోసుకొనే తల్లి, గొర్రెలు తోలే గొల్ల కురుమలు, తండాల లంబాడీలు, సీతాఫలాలు కోసి అమ్మే పిల్లలు వీరందరికీ ఆ భూమి పడావు కాదు, బతుకు. దానికి కంచె వేస్తే కాగితం మీద ఎవరికీ నష్టం జరగనట్టే ఉంటుంది.

రెండో సంగతి అసైన్డ్ భూములు. మన సంఘాల్లో అనేక దళిత కుటుంబాలకు ఉన్న భూమి ప్రభుత్వం పట్టా ఇచ్చిన ఒకటి రెండు ఎకరాలే. అది ఎక్కువగా రాతి చెలకో చౌడో. ఇంధన పంటల కోసం వెతికే భూమి సరిగ్గా ఇలాంటిదే. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో బదిలీ అంటే అమ్మకం మాత్రమే కాదు, దానం, తనఖా, కౌలు కూడా. ఆ నిషేధాన్ని ఉల్లంఘిస్తే భూమిని స్వాధీనం చేసుకొనే అధికారం ప్రభుత్వానికి ఉంది. “అన్నా, ఊరికే పడి ఉంది గదా, పదేండ్లకు కౌలుకియ్యండి, ఏడాదికి ఇంత ముందే ఇస్తం” అని ఎవరో వచ్చి సంతకం తీసుకుంటే, తాతల కాలంలో వచ్చిన పట్టాకే ఎసరు రావచ్చు. సొంత భూమిలో తానే చెట్లు పెంచి కట్టె అమ్ముకోవడం వేరు, భూమినే ఇతరులకు రాసివ్వడం వేరు. ఈ తేడా ప్రతి కుటుంబానికి తెలియాలి.

సంఘాలు ఏం చేయగలవు?

మొదటిది, కాగితం చదివి పెట్టడం. సంఘంలో చదువుకున్న యువకులు, ఉద్యోగులు, న్యాయవాదులు ఉన్నారు. ఊళ్లో కౌలు ఒప్పందాలు తిరుగుతున్నాయని తెలిస్తే ఒక ఆదివారం ఆరాధన తర్వాత అరగంట కూర్చోండి. భూమి పట్టాదా, అసైన్డ్‌దా? ఒప్పందం ఎన్నేళ్లు? ధర పచ్చి బరువు మీదా, ఎండు బరువు మీదా? ప్లాంటు ఆగిపోతే ఎవరు కొంటారు? గడువు అయ్యాక మొద్దులు తీసి భూమి అప్పగించే ఖర్చు ఎవరిది? ఈ ఐదింటికి రాతపూర్వకంగా జవాబు లేకపోతే సంతకం వద్దు.

రెండవది, గ్రామసభలో మాట్లాడటం. ఊరి ఉమ్మడి భూమిని అడిగినప్పుడు మేతకు, కట్టెకు దారి వదలాలని, కొంత భాగం తప్పక విడిచిపెట్టాలని అడగండి. పొలం అంచుల పంటను పేదలకూ పరదేశులకూ వదలమన్న ఆజ్ఞ మనకు తెలియనిది కాదు. కంచె వేసేటప్పుడు కూడా అది గుర్తుండాలి.

మూడవది, మన దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టడం. పాత మిషన్ కాంపౌండ్లలో, పాఠశాలల ఆవరణల్లో, సమాధుల తోటల పక్కన ఖాళీ స్థలాలున్న సంఘాలు ఎన్నో. అక్కడ కానుగ, వెదురు నాటి, ఏ నేలలో ఏది బతికిందో రెండు మూడు వానాకాలాలు చూసి ఊరికి చెప్పగలిగితే, అది ఏ ఏజెంటు చెప్పే అంకె కన్నా నమ్మకమైనది. వరి రైతులున్న సంఘాలు ఈ యాసంగికే ఒక నిర్ణయం తీసుకోవచ్చు: గడ్డికి నిప్పు పెట్టకుండా నలుగురు కలిసి బేలర్ యంత్రం కిరాయికి తెచ్చి కట్టలు కట్టించడం. పశువులకు ఉంచుకోగా మిగిలింది అమ్మవచ్చు, కొనేవారు లేకపోతే పొలంలోనే కలియదున్నవచ్చు.

దామరచర్లలో పొగ తగ్గాలని మనమందరం కోరుకుంటాం. అది ఎక్కువగా తగ్గేది సూర్యరశ్మి, గాలి నుండి వచ్చే కరెంటుతోనూ, వృథా తగ్గించడంతోనూ. పడావు భూమి పంట దానికి తోడుగా నిలవగలదు. కానీ ఆ తోడు ఖరీదు నూతనకల్‌లోనో మోతెలోనో ఒకటిన్నర ఎకరం తప్ప మరేమీ లేని కుటుంబం చెల్లించకూడదు. వచ్చే వారం మీ సంఘంలో అసైన్డ్ భూమి ఉన్న కుటుంబాలు ఎన్నో లెక్క తీయండి. వాళ్ల పట్టా కాగితాల నకళ్లు ఒక ఫైలులో భద్రపరచండి. ఏజెంటు రాకముందే ఆ ఫైలు సిద్ధంగా ఉండాలి.